వర్ధన్నపేట దారిలో ఆగిన బండి

మా డ్రైవరు రాజమల్లు మొండివాడు. పోయిన మనిషిని అలా అనొద్దని అమ్మ కోప్పడుతుంది గానీ, ఆ మాట ముందు చెప్పకపోతే తర్వాత చెప్పేదేదీ నిజం కాదు.

వరంగల్ మండీబజారులో మా నాన్న వెంకట్రాజానికి మిర్చి అడ్తి ఉండేది. రైతులు తెచ్చిన మిర్చిని అమ్మిపెట్టే దుకాణం. డెబ్బైల మొదట్లో నాన్న ఒక పాత అంబాసిడరు కొన్నాడు. దాన్ని నడపడానికి మరిపెడ నుంచి రాజమల్లు వచ్చాడు. వచ్చిన కొత్తలో హనుమకొండలో బండి ఆపి చాయ్ తాగడానికి పోతే ఎవడో బ్యాటరీ విప్పుకుపోయాడు. నాన్నది నోరు మంచిది కాదు. దుకాణం ముందు పదిమందిలో నిలబెట్టి తిట్టి, "ఇంకోసారి బండిని ఇడ్శిపెట్టి పక్కకు పోతివా, మళ్ల నా గడప తొక్కకు" అన్నాడు. ఆ సంగతి సాయంత్రానికి నాన్న మర్చిపోయాడు. రాజమల్లు మర్చిపోలేదు.

ఇక అప్పటినుంచి అతన్ని బండి దగ్గర్నుంచి కదిలించడం ఎవరి తరమూ కాలేదు. పెళ్లికి వెళితే మేమందరం బంతిలో కూర్చుని తినేవాళ్లం, అతనికి అమ్మ విస్తరి బయటికి పంపేది. బానెట్ మీద పెట్టుకుని తిందామన్నా రంగు పాడవుతుందని చేతిలోనే పట్టుకుని నిలబడి తినేవాడు. సినిమాకు వెళితే ఆట అయిపోయేదాకా బండిలోనే. తిరిగొచ్చేటప్పుడు మాచేత కథ చెప్పించుకుని, చూసినవాడిలాగే బాధపడేవాడు. వెనక సీట్లో పల్లీలు తిననిచ్చేవాడు కాదు. పెళ్లాం కన్నా బండే ఎక్కువ నీకు అని మేం ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

అతని తల్లి కట్టమ్మ మరిపెడలో చిన్నకొడుకు దగ్గర ఉండేది. అప్పుడప్పుడు సీతాఫలాలు తట్టలో పెట్టుకుని వచ్చేది. కారెక్కమంటే భయపడి ఎక్కేది కాదు. కొడుకు కారు తీసి వీధి మలుపు తిరిగేదాకా మా గుమ్మంలో నిలబడి చూసేది. తర్వాత మా అమ్మతో, నా కొడుకు మంచిగ నడుపుతాండు గదా అమ్మా, అని మెల్లిగా అడిగేది. ఎన్నిసార్లు వచ్చినా అదే ప్రశ్న. అమ్మ విసుక్కోకుండా అదే జవాబు చెప్పేది.

ఎనభైల్లోకి వచ్చేసరికి పెట్రోలు ఖర్చు భరించలేక నాన్న ఆ బండికి డీజిల్ ఇంజను వేయించాడు. పైన ఏమీ మారలేదు. అదే రంగు, అదే నంబరు, అవే సొట్టలు. అప్పట్లో మా ఊళ్లో డీజిలంటే లారీలకూ ట్రాక్టర్లకూ పోసేది, కారంటే పెట్రోలే. ట్యాంకు మూత మీద డీజిల్ అని రాయిద్దామని నాన్న అంటే రాజమల్లుకు చిన్నతనమనిపించింది. నా బండి నాకు తెల్వదా సేటు, అన్నాడట. నాన్న ఊరుకున్నాడు.

ఇంజను మార్చి ఇంకా ఎక్కువ రోజులు కాలేదు. పొద్దున్నే మొదటి బస్సుకు మరిపెడ నుంచి చుట్టం ఒకాయన దిగాడు. కట్టమ్మకు మాట పడిపోయిందనీ, ఎవరు నీళ్లు పోయబోయినా నోరు మూసుకుంటోందనీ, పెద్దకొడుకు కోసమే ప్రాణం పట్టుకుని ఉందనీ చెప్పాడు. రాజమల్లు చెప్పులేసుకుని బస్టాండుకు బయల్దేరాడు. నాన్న వెనక్కి పిలిచాడు. నోరెంత చెడ్డదో మనసంత మెత్తన నాన్నకు. బస్సెప్పుడు పోతుందో ఏమో, బండి తీసుకుని పో అని తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ మంచితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. బస్సులో పోయి ఉంటే అందేవాడు.

ఊరు దాటేముందు ఎప్పుడూ పోయించుకునే బంకులో ఆగాడు. ఇంజను మారాక అక్కడికి రావడం అదే మొదలు. మనసు మనసులో లేదు. ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి బండిని పెట్రోలు పంపు దగ్గరికే తిప్పింది. పంపు దగ్గర పనిచేసే యాకయ్య అతనికి పాత దోస్తు. అవతల లారీ మోతలో కొత్త ఇంజను చప్పుడు యాకయ్య చెవిన పడలేదు. రోజూ అయితే రాజమల్లే దిగి మూత తీస్తాడు. ఆ రోజు ముఖం చూసి, ఏమైందని అడిగి, సంగతి తెలిసి యాకయ్య కదిలిపోయాడు. "నువ్వు దిగకు బావా, నేను చూసుకుంట" అన్నాడు. ఏం పోయాలని అడగలేదు. ఆ బండిని అడిగే అవసరం అతనికి ఎన్నడూ పడలేదు.

మామునూరు దాటాక ఇంజను టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వర్ధన్నపేట ఇంకా రాకముందే బండి గుంజలేక ఆగిపోయింది. రాజమల్లు దిగి ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడట. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, పైపులు కడిగి, డీజిల్ పోస్తే తప్ప అది కదలదు. వరంగల్ వైపు పోయే లారీ ఒకటి ఆపి, మెకానిక్‌ను పంపమని మాకు కబురు పెట్టాడు.

ఆ లారీ ఎక్కడ ఆగిందో, మాకు కబురందేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా ఖమ్మం బస్సులు ఒకదాని వెనక ఒకటి మరిపెడ మీదుగా పోయాయి. ఒక కండక్టరు అతన్ని గుర్తుపట్టి బస్సు ఆపించి, సంగతి విని, ఎక్కమని చెయ్యి పట్టుకుని లాగాడట. రాజమల్లు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న బండిని చూసి, కాలు తీసేశాడు. సేటు బండి, నేను పోతే దీన్ని చూసేదెవరు, అన్నాడట. ఇదంతా తర్వాత ఆ కండక్టరే దుకాణానికి వచ్చి చెప్పాడు. మొండివాడని ఊరికే అనలేదు నేను.

మెకానిక్ వెళ్లి బాగుచేసేసరికి పొద్దు వాలింది. మరిపెడలో ఇంటి ముందు బండి ఆపేటప్పటికి కట్టమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆఖరిదాకా వీధివైపే చూసిందని తమ్ముడి భార్య చెప్పింది. రాజమల్లు చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి పెదవుల మీద పోశాడు. అవి చెంపల మీదుగా కిందికి కారిపోయాయి.

యాకయ్య మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కర్మలు ముగించుకుని వచ్చాక రాజమల్లు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. పెట్రోలు పంపువైపు ఆపింది తనే కదా అన్నాడు. ఆ తర్వాత యాకయ్య స్కూటరు వచ్చినా సరే, పెట్రోలా డీజిలా అని అడిగేవాడు. జనం నవ్వేవాళ్లు. అయినా అడిగేవాడు.

రాజమల్లు పనిలో చేరిన పొద్దున నేను దుకాణంలోనే ఉన్నాను. గుండు చేయించుకున్న తలతో వచ్చి నాన్న ముందు నిలబడి, బండిని అంతసేపు ఎండలో పెట్టినందుకు తప్పయిందని చెప్పబోయాడు. నాన్న మధ్యలోనే ఆపాడు. ఓదార్చాలనే అన్నాడు, నాకు తెలుసు.

"తాళమేసి బస్సెక్కకపోయినవా రాజమల్లూ. గా ఇనుప డబ్బను ఎవడెత్తుకపోతడు?"

రాజమల్లు నాన్న ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఏదో పరాయిభాషలో మాట విన్నట్టు, దాని అర్థం మెల్లమెల్లగా తెలుస్తున్నట్టు చూశాడు.

"అట్ల పోవచ్చని నాకు తెల్వకపాయె సేటు" అన్నాడు.