అన్న తిన్న తల్లె

మా ఇంట్ల మొగుడు తిన్న తల్లెలనే పెండ్లాం తినాలె. ఇది ఆచారమా, గిన్నెలు తోమే పని తగ్గించుకునే ఉపాయమా అని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ చీపురు తిరగేసింది. వదినె మాత్రం ఆ ఆచారాన్ని ఇష్టంగ పట్టుకున్నది. ఎందుకంటె అన్న తిని లేచేముందు తల్లెల ఒక రొట్టె ముక్క, దాని మీద ఇంత పుండికూర, పక్కన ఒక ఉల్లిగడ్డ చెక్క కావాలనే ఇడిచిపెట్టెటోడు. "కడుపు నిండింది" అనేటోడు. నిండలేదని ఇంట్ల అందరికి తెలుసు.

"వదినే, మా అన్నకు అక్షరాలు రావు గద, ప్రేమంతా రొట్టె మీదనే రాస్తడు" అని నేనంటె ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేను గూడ ఏడో తరగతిల బడికి సలాం కొట్టినోన్నే. నోరొక్కటే పై చదువులు చదివింది.

ఒకనాడు అన్న తల్లె ఖాళీ చేసి లేచిండు. తనే తోముకొని, తక్కిన గిన్నెలకు దూరంగ కిటికీల బోర్లించిండు. వదినె ఆ కిటికీ దిక్కు చూసుకుంట నిలబడ్డది.

అప్పటికే అన్న బక్కపడ్డడు. శక్తినగర్ కరెంటు ప్లాంటుల గుత్తేదారు కింద పని ఆయనది. అంగీ గోడ మొలకు తగిలించినట్టు భుజాల మీద వేలాడుతుండె. నాలుక మీద తెల్లగ పూత. పొద్దంత నీళ్ళు తాగుడు, పొద్దంత చెట్ల చాటుకు పోవుడు. "అన్నా, కృష్ణా ఏరును గిట్లనే తాగితే రేపు ప్లాంటు బందయితది. ఊర్లకు జర కరెంటుండనియ్యి" అన్న. ఇంతకుముందయితె నా నెత్తిన ఒకటి కొట్టెటోడు. ఆనాడు కొట్టలే. నన్ను ఏటి ఒడ్డుకు తీసుకపోయి చెప్పిండు.

పెండ్లికి ముందు ఆయన బూడిద మోసే లారీ మీద క్లీనరు. ఒక్క పారి, ఎక్కడో షోలాపురం అవతల, డ్రైవరు ఎంట ఒక ఇంటికి పోయిండట. తర్వాత ఆ డ్రైవరు ఎండి కట్టెయి పోయిండు. ఎయిడ్సేనని లారీలోళ్ళంత అన్నరు.

"వాడు గూడ ముందుగాల గిట్లనే బక్కపడ్డడు, తమ్మీ. నాది గూడ గదే."

రాయచూరు సర్కారు దవాఖానకు తోలుకపోయిన. రక్తం తీసి, కొంచెం సేపయినంక ఒక నర్సమ్మ లోపలికి పిలిచింది. "ఇల్లప్పా, నినగె అదు ఇల్ల" అని కన్నడంల మొదలువెట్టి, మా మొహాలు చూసి తెలుగుకొచ్చింది. "నీకది లేదు. ఆ ముచ్చటయి ఎన్నేండ్లయింది?"

"ఐదారేండ్లు."

"గన్నేండ్లయినంక లేదని వచ్చిందంటె లేనట్టే. నమ్ము. ఒకవేళ ఉన్నా గూడ ఒక్క తల్లెల తింటె అంటుకునే రోగం కాదది. కాని ఎందుకు బక్కపడుతున్నవో పెద్ద డాక్టరుకు చూపించుకో. పక్క గదిలనే ఉంటడు, ఇప్పుడే పో."

అన్న పక్క గది ముందరి నుంచి నడిచి గేటు దాటిండు. చెయ్యి పట్టి గుంజిన, ఇదిలించుకున్నడు. "మంచి తల్లి. నా మొహం మీద చెప్పలేకపోయింది" అన్నడు.

ఆ తర్వాత ఎవరూ గుర్తుపట్టని ఊర్లు ఎతుక్కున్నడు. మహబూబ్‌నగర్ పోయిండు, సింధనూరు పోయి పరీక్ష పైసలకు బేరం గూడ ఆడిండు. ఎక్కడికి పోయినా గా ఒక్క పరీక్షనే అడిగెటోడు. దుకాణంల ఉప్పొక్కటే అడిగెటోనికి ఎవడన్న పప్పు కట్టిస్తడా? అన్ని చోట్ల లేదనే చెప్పిన్రు.

"అందరు మొహమాటానికి చెప్తున్నరు తమ్మీ."

"మొహమాటానికి చాయ తాపుతరన్నా. సూది గుచ్చి అబద్ధం చెప్పరు."

నవ్వలే.

వదినెకు ఆయన నోటితోనే చెప్పిండు, లారీ ముచ్చటతో సహా. మాపటికి ఆమె రొట్టెలు చేసి అన్న ముందర వచ్చి కూసున్నది.

"పరీక్షల లేదన్నరా?"

"అన్నరు."

"అన్ని చోట్లా?"

"అన్ని చోట్ల."

"మరింగేంది?" అని కిటికీల తల్లె తీసుకొచ్చి, అండ్ల రొట్టె పెట్టుకొని తుంచింది. అన్న ఆ తల్లెను గుంజుకున్నడు. రొట్టె కింద పడ్డది.

"నువ్వన్న బతకాలె" అన్నడు.

"ఒక్కదాన్ని బతికి ఏం జెయ్యాలె? నీ తల్లె తోముకుంట కూసోనా?"

తెల్లారి ఆమెను ఇడపనూరుల తల్లిగారింట్ల దిగబెట్టి వచ్చిండు. ఆమె కబురు మీద కబురు పంపేది. "ఆయనకు లేదు, నాకు తెలుసు. వచ్చి తోలుకపొమ్మను." అన్న విననట్టు నీళ్ళు తాగెటోడు.

చలికాలం సంతల కొత్త బూట్లు కొన్నడు. మడమ కాడ కరిచినయి. "బూటు కరిస్తె గూడ కుక్క సూది ఏస్తరా?" అని నేను పరాచికాలాడిన. చిన్న బొబ్బ. అది పుండయింది, పుండు నల్లబడ్డది. ఎవరన్న చూస్తమంటె కాలు పంచెల దాచుకునేటోడు. "మానుతలేదు, చూసినవా? గదే" అనేటోడు. ఆఖరికి జరమొచ్చి సోయి తప్పుతుంటె నలుగురం ఆటోల ఏసుకొని రాయచూరుకు ఉరికినం.

దవాఖానల ఒక పడుచు డాక్టరమ్మ అన్న వేలికి సూది గుచ్చి, బొట్టంత రక్తం చిన్న మిషిన్ మీద పెట్టింది. మిషిన్ చూసి, మళ్ళొక పారి గుచ్చింది. "ఇంత షుగరున్నది, ఎప్పుడూ చూపించుకోలేదా? నీళ్ళు బాగా తాగుతుండెనా?" అని నన్నడిగింది. తాగుతుండె. మేమంత చూస్తుండంగనే తాగుతుండె.

ఆ ఇంకో పరీక్ష గూడ చేసిన్రు. మళ్ళ లేదు. చీము రక్తంల కలిసిందని, జల్ది వచ్చుంటె కాలు తీసన్న మనిషిని నిలబెట్టెటోళ్ళమని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

జరం జర తగ్గినప్పుడు అన్న కండ్లు తెరిచిండు. షుగరని చెప్పిన.

"అంటె... వాళ్ళు చెప్పింది నిజమేనా?"

"నిజమే అన్నా."

"అందరా?"

"అందరు. నువ్వు బేరమాడి వచ్చిన ఆ సింధనూరోడు గూడ."

పెదవులు జర కదిలినయి. నవ్వే అనుకున్న. చూస్తె కండ్ల నుంచి నీళ్ళు చెవుల్లకు కారుతున్నయి. "దాన్ని పిలువు" అన్నడు.

వదినె ఇడపనూరు బస్సు దిగి ఉరుక్కుంట వచ్చింది. కిటికీల తల్లెను నేను అప్పటికే ఇంటి నుంచి తెచ్చిన. ఆమె అండ్ల మెత్తగ అన్నం పిసికి, చారు పోసి, కొద్ది కొద్దిగ నోటికందించింది. రెండు బుక్కలు మింగి తల్లెను తన చేత్తోనే ఆమె దిక్కు నూకిండు.

"కడుపు నిండింది" అన్నడు.

ఆమె గా మంచం కాడనే కూసోని, ఒక్క మెతుకు మిగలకుంట తిన్నది. అన్న ఆమె తినే చెయ్యినే చూసుకుంట పండుకున్నడు. తెల్లారెటాల్లకు పోయిండు.

అంతా అయి ఇంటికొచ్చినంక, ఆ తల్లె సంచిల నుంచి తీసి తోముదామని బోరింగు కాడికి పోతున్న. వదినె వెనక నుంచి అడిగింది: "ఊరు ఊరంత లేదని చెప్పిన్రు గద మరిదీ. నేను గూడ చెప్పిన. ఒక్క మాటన్న ఎందుకు నమ్మకపాయె?"

ఇంటిల్లిపాదిని నవ్వించెటోన్ని నేను. ఏదో ఒకటి అనాలె. తల్లెను బోరింగు కింద పెట్టి పిడి పట్టుకున్న.

"దాన్ని తోమకు" అన్నది. "ఇటియ్యి."