పందిట్లో పలికిన రాజ్యలక్ష్మిగారి గొంతు

రాజ్యలక్ష్మిగారు ఇక లేరన్న వార్త నాకు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో తెలిసింది. తోటకూర కట్టలు సంచీలో వేయించుకుంటున్నాను. మా తమ్ముడు సైకిలు దిగి, "అక్కా, అశోక్‌నగర్ వదిన పోయింది. జర నిమ్మలంగ నడువు," అన్నాడు. ఏ వదిన అని అడిగాను. అశోక్‌నగర్‌లో నాకున్నది ఒక్క వదినే అని తెలిసి కూడా అడిగాను. జబ్బు తిరగబెట్టిందని తెలుసు, ఆశ వదులుకోమని డాక్టరు చెప్పిన సంగతీ తెలుసు. అయినా మనస్సు ఆ మాటను లోపలికి రానివ్వలేదు.

మాకు రక్తసంబంధం లేదు. ఆమెది బందరు. రాష్ట్రం ఏర్పడ్డాక భర్త సుబ్బారావుగారి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి అశోక్‌నగర్‌లో కిరాయికి దిగారు. నేను చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగి, నారాయణగూడలో ఆడపిల్లల బడిలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఒక శనివారం భజనలో ఆమె పాడుతూంటే హార్మోనియం మీద నా వేళ్ళు ఆగిపోయాయి. ఆనాటినుంచి ఒకరికొకరం వదినలమైపోయాం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా అట్టుడికినట్లు ఉడికిపోయిన ఆ ఏడాది సైతం మా రెండిళ్ళ మధ్య రాకపోకలు తగ్గలేదు.

ఆమెది గంభీరమైన కంఠం. ఆడవారి గొంతు సన్నగా, తీయగా ఉండాలనుకునేవారికి నచ్చేది కాదు. మంద్రస్థాయికి దిగి ఆమె రాముణ్ణి పిలిస్తే మాత్రం, ఆ నచ్చనివారు కూడా విసనకర్ర ఆపి వినేవారు. కూతురు పద్మజ ఇంకా చంకబిడ్డగా ఉండగా ఆ గొంతులో వ్రణం బయటపడింది. శస్త్రచికిత్స ప్రాణాన్ని నిలిపి కంఠాన్ని తీసుకుపోయింది. మిగిలింది గుసగుస మాత్రమే. పొయ్యి మీద పోపు చిటపటలాడితే చాలు, పక్కనున్నవారికి కూడా ఆమె మాట వినిపించేది కాదు.

ఆమెతో మాట్లాడేవారంతా తమకు తెలియకుండానే గొంతు తగ్గించేవారు. పాలు పోసే మల్లయ్య కూడా గుమ్మంలో నిలబడి, "అమ్మా, పాలు," అని రహస్యంలా చెప్పేవాడు. "గొంతు పోయింది నాకు. మీకేమయింది?" అని ఆమె నవ్వేవారు. ఆ నవ్వుకీ చప్పుడు ఉండేది కాదు.

ఆమె తమ్ముడొకడు సరదాపడి గిటారు కొని, సరదా తీరాక వీరింటి గోడకు తగిలించి పోయాడు. రాజ్యలక్ష్మిగారు దాన్ని కిందికి దించి, తుడిచి, శ్రుతి చేసుకున్నారు. సంప్రదాయం మీద పట్టుదల గలదాన్ని కనుక నేను మొహం చిట్లించాను. వీణ నేర్చుకోరాదా అన్నాను. "వీణ మీద తప్పు వాయిస్తే నలుగురికీ తెలుస్తుంది వదినా. దీని మీద నా తప్పేదో ఒప్పేదో ఎవరికీ తెలియదు," అన్నారు. తప్పులు నాకు వినిపించలేదు. గోటితో కాక వేలి మెత్తతో మీటి, తీగను పక్కకు లాగి గమకం పలికించేవారు. అయితే ఆ నాదం గది గడప దాటేది కాదు.

ఇలా ఉండగా శ్రీరామనవమికి చిక్కడపల్లి పందిట్లో కచేరీ చేయమని మా ఆడవాళ్ళ బృందానికి పిలుపు వచ్చింది. గిటారు పందిట్లో వినిపించాలంటే యాంప్లిఫయరు కావాలి. ఏది కొనాలన్నదానిపై తలా ఒక మాట చెబుతూంటే, ఆమె నన్ను వంటింట్లోకి లాక్కుపోయారు.

"పద్మజకు ఊహ తెలిసేసరికే నాకు గొంతు లేదు. ఈ గుసగుసే నా గొంతనుకుంటోంది. ఆ పెట్టె నా పాటలా పలకాలి వదినా. ఎంత దూరం వినిపిస్తుందో నాకు అక్కర్లేదు."

అందరం కలిసి నారాయణగూడలో దుకాణానికి వెళ్ళి ఒక తెలివితక్కువ పని చేశాం. పెట్టెలన్నీ గుమ్మం ముందు, రోడ్డు మీదే పెట్టించి పరీక్షించాం. బస్సు హారన్ను మించి వినిపించినదానికి ఓటు వేశాం. "తీస్కపోండమ్మా, హిమాయత్‌నగర్ దాంక ఇనబడ్తది," అన్నాడు యజమాని. రాజ్యలక్ష్మిగారు తల అడ్డంగా ఊపారు గాని మా సందడిలో ఆ తలను పట్టించుకున్నవారు లేరు. ఇంటికి తెచ్చి మీట నొక్కితే, ఏమీ వాయించకముందే అది జుమ్మని మూలగడం మొదలుపెట్టింది. తీగ కదిలిస్తే రేకుడబ్బా మీద గోరు గీసినట్లుంది. సుబ్బారావుగారు తలదించుకున్నారు. ఆమె కోప్పడలేదు. "దీనికి నోరుంది, గొంతు లేదు," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పెట్టె మార్చుకోవడానికి మేమిద్దరమే దుకాణానికి వెళ్ళాం. లోపలికి వెళ్ళి తలుపు వేయించమన్నారు ఆమె. యజమాని పరేషాన్ అయ్యాడు. "పండుగ గిరాకీ టైమ్ల తలుపేస్తె ఎట్లనమ్మా?" అంటూనే వేశాడు. ఒక్కొక్క పెట్టె మీటా నొక్కించి, ఏమీ వాయించకుండా చెవి ఒగ్గి కూర్చున్నారు. మూలిగేవాటిని పక్కన పెట్టించారు. ఆ తరువాత నా వైపు తిరిగారు.

"గిటారు కొయ్య నా ఒళ్ళోనే ఉంటుంది. నాకు వినిపించేది దాని పలుకే, పెట్టె పలుకు కాదు. నువ్వు అటు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకో. నా పాట నీకు తెలుసు కదా. నేను ఎందులో ఉన్నానో చెప్పు."

అంత బరువైన బాధ్యత నా జీవితంలో మరొకరు నాకు అప్పగించలేదు. ఒక పెట్టె మరీ పదునుగా పలికింది. ఒకటి డొల్లగా ఉంది. చివరిది పాత వాల్వుల పెట్టె. వేడెక్కడానికి కాసేపు పట్టింది. అందులోంచి ఆ మంద్రం వచ్చేసరికి నాకు దుఃఖం పొంగుకొచ్చింది. కళ్ళు తెరవకుండానే చేయి ఎత్తాను.

"గా డబ్బ చిన్నదమ్మా. పందిట్ల ఎనకోల్లకు ఇనరాదు," అన్నాడు యజమాని.

"స్పీకరును పొడుగు తీగతో జనం మధ్యలో పెడదాం. అప్పుడు వెనకవాళ్ళెవరు?" అన్నారామె. ఆ గుసగుస అతనికి వినిపించక నేను మళ్ళీ చెప్పాను.

పందిట్లో పెద్దమనిషి యాదగిరిగారు ఒప్పుకోలేదు. "స్పీకరంటె గుంజకు కట్టాలె. చాపల మీద పెడితె ఇజ్జతేముంటది?" అన్నారు. ఆమె చేతులు జోడించి ఏదో చెప్పారు. వినడానికి ఆ పెద్దాయన నడుం వంచారు, విని తల ఊపారు. స్పీకరు ఆడవాళ్ళ చాపల నడుమ చేరింది. పద్మజ దాని పక్కనే కూర్చుంది.

రామకీర్తన మొదలైంది. పానకం గ్లాసుల చప్పుడు తగ్గింది. పెళ్ళిసంబంధాలు మాట్లాడుకుంటున్న అమ్మలు నోరు మూశారు. పద్మజ స్పీకరు గుడ్డ మీద అరచేయి ఆనించి, వేదిక మీద అమ్మకేసి కాక, హార్మోనియం దగ్గరున్న నాకేసి చూసింది. కచేరీ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అత్తా, అమ్మ ఇట్లనే పాడేదా?" అని అడిగింది.

"ఇట్లనే బిడ్డా," అన్నాను. మాటలు తూచి వాడటం నా వృత్తి. ఆ మాటలో అతిశయోక్తి లేదు.

అటువంటి సాధ్వీమణి, నాదోపాసకురాలు మా పేటలో మళ్ళీ పుడుతుందని నేను అనుకోను. సంగీతం వచ్చినవారు వస్తారు, పెద్ద పెట్టెలు వస్తాయి. పోయిన కంఠం కోసం అంత ఓపికగా వెదికి, దాన్ని బిడ్డ చెవిలో వేసి వెళ్ళే తల్లి ఎక్కడినుంచి వస్తుంది? నా హార్మోనియం మూసే ఉంది. తెరవాలని లేదు.

కర్మకాండ నాడు బంధువుల ముసలమ్మ ఒకామె పద్మజను దగ్గరికి తీసుకుని, "పాపం, తల్లి గొంతైనా ఎరగని పిల్ల," అని కన్నీళ్ళు పెట్టుకుంది. పద్మజ ఆమె చేతులు మెల్లగా విడిపించుకుంది.

"నాకెరుకే అమ్మమ్మా. అమ్మ పాడింది, నేను ఇన్న."

రాజ్యలక్ష్మిగారికి ఆ పిల్ల మాటకు మించిన నివాళి నేను ఏం రాయగలను?