నేను గట్టిగా కట్టిన కట్టు

ముప్పై ఎనిమిదో ఏట మా అమ్మాయికి క్యాన్సరు వచ్చి కుడి రొమ్ము తీసేశారు. అది ఏలూరులో టీచరు. హైదరాబాదు డాక్టర్లు పొట్ట మీది కండ తెచ్చి రొమ్ములాగే కుట్టారు. ఏడాది గడిచాక అక్కడి చర్మాన్నే మడిచి చనుమొన కూడా నిలబెడతామన్నారు.

"పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడెందుకే ఆ మొన?" అన్నాను.

"పిల్లల కోసం కాదమ్మా. నా కోసం."

ఆ ఆపరేషను అయ్యాక మండవల్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆసుపత్రివాళ్ళు దూదిని మందంగా చుట్టి, నడుమ కన్నం ఉంచి, మొనకు ఏదీ తగలకుండా చుట్టూ అంటించి పంపారు. ఎలా చూసుకోవాలో రాసిచ్చిన కాగితం అల్లుడి దగ్గర ఉండిపోయింది. ఉన్నా నా మూడో తరగతి చదువుకు అదేం అందుతుంది?

వేసవి. చేపల చెరువుల మీది ఉక్కకు అయిదో రోజుకే దూది చెమటకు నాని జారిపోయింది. బాలింతలకు నడికట్టు కట్టడంలో మా ఊళ్ళో నాకు పేరు. వదులుగా వదిలేసిన ఒళ్ళు కుదురుకోదని మా అత్తగారు నేర్పారు. కొత్త బ్యాండేజీ దండగనిపించి, పాత నేతచీర చింపి, ఉడకబెట్టి ఆరేసి, ఛాతీ చుట్టూ బిగించాను.

"నొప్పెడుతోందా?"

"అక్కడ నాకేం తెలీదమ్మా, స్పర్శే లేదు."

"అయితే ఇంకో చుట్టు వేస్తానుండు."

పది రోజులకు అల్లుడు వచ్చి చూసి అదిరిపడ్డాడు. "అయ్యో, అత్తయ్యగారండీ! అక్కడ ఏదీ నొక్కకూడదన్నారండీ!"

"బిగించకపోతే ఎలా మానుతుంది బాబూ?" అని నేనే గదిమాను.

కట్టు విప్పితే మొన నిలబడే ఉంది. తర్వాత దానికి పచ్చబొట్టులా రంగు కూడా వేయించుకుంది. "చూడమ్మా, రెండూ ఒక్కలా లేవూ?" అని నవ్వింది. జబ్బు చేశాక అది అలా నవ్వడం అదే మొదలు.

రెండో ఏడు తిరిగేసరికి మొన సగానికి సగం కుంగింది. అయిదో ఏటికి చెయ్యి వేస్తే ఉందో లేదో తెలిసేది కాదు. రంగూ వెలిసింది. చిన్నప్పుడు నా ముంజేతి మీద పొడిచిన పచ్చబొట్టు చెక్కు చెదరలేదు, దానిది అయిదేళ్ళయినా నిలవలేదు.

ఆ ఏడు పరీక్షకు తాడేపల్లిగూడెంలో లేడీ డాక్టరు దగ్గరికి నేనూ వెంట వెళ్ళాను. జబ్బు తిరగబెట్టలేదన్నారు ఆవిడ. అప్పుడు అడిగాను.

"అప్పట్లో నేను గట్టిగా కట్టు కట్టానండీ. అందుకేనా ఇలా అయింది?"

"చాలామందికి ఏళ్ళు గడిస్తే చదునైపోతుందండీ మామ్మగారూ. రంగూ వెలుస్తుంది, మళ్ళీ వేయించుకోవచ్చు."

"అది సరేనండీ. నా కట్టు వల్లేనా?"

"చెప్పలేనండీ. కొంత అయ్యుండొచ్చు, అసలు కాకపోనూవచ్చు."

తిట్టినా పడేదాన్ని. ఎవరి మీదైనా విరుచుకుపడడం నాకు చేతనవును గానీ, ఈ మాటను ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆవిడ అవతలి గదిలోకి వెళ్ళారు. మా అమ్మాయి బల్ల మీది నుంచి దిగింది.

"మళ్ళీ చేయించుకుంటావా?" అన్నాను.

"ఇంక కోతలు నావల్ల కాదమ్మా. ఊరుకో, నీ తప్పేం లేదు."

"లేదని నీకెలా తెలుసే?"

అది తల వంచుకుని, రవిక హుక్కులు ఒక్కొక్కటే పెట్టుకుంది.