సురేశ్ వేసిన తాళం, మరైగూడ పిల్లల పరీక్ష

నిన్న పొద్దున మా చెల్లెలి ఇంటి నుంచి ఫోన్. దాని కొడుకు సురేశ్ నిద్రలోనే పోయాడట. హార్ట్ ఎటాక్.

ఫోన్ పెట్టేసి, తప్పుగా విన్నానేమోనని మళ్లీ నేనే చేశాను.
అవతల ఏడుపు.


పోయినవాళ్లను ఊరికే పొగడడం నాకు రాదు. వాణ్ణి తిట్టినంతగా నేను ఎవరినీ తిట్టలేదు. టైముకు తినడు, చెప్పింది వినడు. పని మాత్రం కచ్చితం.

ఇక్కడ మా కొంటా ఊళ్లో ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసేవాడు. ఆన్‌లైన్ పరీక్షలో పిల్లలు గూగుల్‌లో జవాబులు వెతుకుతున్నారని, యూనివర్సిటీవాళ్లు పరీక్ష సెంటర్‌ను జగదల్‌పూర్‌కు మారుస్తామన్నారు. అంత దూరం వెళ్లి, రాత్రి ఉండి రావాలంటే మరైగూడ వైపు పల్లెల ఆడపిల్లల్ని ఇంట్లో పంపరు. వాళ్ల చదువు అక్కడితో సరి.

పరీక్షప్పుడు కంప్యూటర్‌ను లాక్ చేసే సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత కాలేజీకి లేదు. వీడు ఉచితంగా దొరికే, ఎవరైనా కోడ్ మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్‌ది తెచ్చాడు. పాత కంప్యూటర్లన్నిటిలో లినక్స్ వేసి, పరీక్ష పేజీ, కాలిక్యులేటర్ తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా చేశాడు.

పరీక్ష ముందు రోజు వాడిదొక పద్ధతి. అల్లరి పిల్లలందరినీ పిలిచి, "ఈ తాళం పగలగొట్టండి, సమోసాలు నేను తినిపిస్తా" అనేవాడు.

"దొంగతనం నువ్వే నేర్పుతున్నావేందిరా?" అని మండిపడ్డాను.

"ఏంది పెద్దమ్మా, తాళం కొనేటప్పుడు నువ్వు లాగి చూడవా?"

ఒకసారి పగలగొట్టింది ఆ కాలేజీలోనే చదివే మా మనవరాలే. కాలిక్యులేటర్‌లో హెల్ప్ నొక్కి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి దూరింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు చప్పట్లు కొట్టాడు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కోడ్ తెరిచి, ఆ సందు ఎలా మూయాలో చూపించాడు.

"సమోసా మాత్రం మీ అమ్మమ్మ చూడకుండా తిను" అన్నాడు, నేను అక్కడే ఉండగా.

ఆ తర్వాత కాపీ అన్న మాట రాలేదు. సెంటర్ ఇక్కడే నిలిచింది.

నిన్న సాయంత్రం, వాణ్ణి సాగనంపి మగవాళ్లు ఇంకా తిరిగి రాకముందే, కాలేజీ నుంచి కబురు. ఈసారి పరీక్షలు జగదల్‌పూర్‌లో. వాళ్లను తప్పుపట్టలేను. పరీక్ష పరీక్షకూ ఆ తాళం సరిచూసి వేసే పని ఇంకెవరికీ రాదు.

"నేను చేస్తా" అంది మనవరాలు. దానికి వచ్చింది ఆ ఒక్క సందు మూయడమే.

ఇవాళ మరైగూడ నుంచి బస్సులో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చారు. పోయేముందు ఒకమ్మాయి అడిగింది: "అమ్మమ్మా, మరి మా పరీక్ష?"

ఇద్దరినీ బస్సెక్కించి వచ్చాను.

సురేశూ, వెళ్లు నాయనా.
నీకైనా శాంతి దొరకాలి. మాకు లేదు.