చీర గుడారం, రాని నెమలి

నేను కోరుట్లలో బ్లౌజులు కుడతాను. నెమళ్ల ఫొటోలు కూడా తీస్తానని అందరితో చెప్పుకునేదాన్ని. తీశానని మాత్రం ఏనాడూ చెప్పలేదు, ఎందుకంటే ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా పడి చావలేదు.

పొడుగు లెన్సు కోసం జగిత్యాలలో ఒక దుకాణానికి వెళ్లాను. గోడల నిండా పెళ్లి ఆల్బమ్‌లు. కౌంటర్ వెనకాయన నేను చెప్పిందంతా విని, "ఫంక్షన్ హాలు ఎంత పెద్దదక్కా?" అన్నాడు.

"హాలు కాదు, నెమలి."

"ఓ, నెమలి సెట్టింగా? స్టేజీ ఎనక పెడ్తరు. గిప్పుడు గదే నడుస్తుంది."

"సెట్టింగ్ గాదన్నా, పానమున్న నెమలి. చేన్ల తిరిగేది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మరి గంత దూరం నుంచి తీసుడెందుకు? జర దగ్గరికి పోరాదు?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ఎవరో వాడి అమ్మేసిన లెన్సొకటి బీరువాలోంచి తీసి ఇచ్చాడు. సొరకాయంత ఉంది. ఇంటికి తెస్తే మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిదేందే, కల్లు లొట్టి లెక్కున్నది," అన్నాడు. ఆ రోజు ఆయనకు పచ్చిపులుసు తప్ప ఇంకేం వండలేదు.

ఆ లెన్సుతో తీసిన మొదటి నెమలి శనగగింజంత వచ్చింది, అదీ మసకమసకగా. ఫొటోలను శుభ్రం చేసే కొత్త సాఫ్ట్‌వేర్ ఉందని తెలిసి, ల్యాప్‌టాప్‌లో వేసి బటన్ నొక్కాను. అది చాలాసేపు ఆలోచించింది. నేను ఒక బ్లౌజుకు చేతులు కుట్టి వచ్చేసరికి తెర మీద నునుపైన నీలం ప్లాస్టిక్ బిందె ఒకటి నిలబడి ఉంది, దానికి మూడు కాళ్లు. లేని కాలును ఉచితంగా ఇచ్చిన ఆ మహానుభావుడు ఉన్న తోకను ఎందుకు మింగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దగ్గరికి పోకపోతే లాభం లేదని తేలిపోయింది. పెద్ద ఫొటోగ్రాఫర్లు ఆకుపచ్చ గుడారంలో దాక్కుని, కిటికీలోంచి లెన్సు బయటపెట్టి తీస్తారని వీడియోల్లో చూశాను. సిరిసిల్లలో పుట్టినదాన్ని, చేతిలో కుట్టుమిషను ఉన్నదాన్ని, గుడారం కొంటానా? మా అన్నకు సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి. ఆకుపచ్చ రంగు చీరల గుడ్డ ఒక తాను పంపించమంటే పంపించాడు. దాన్ని గుడారంగా కుట్టాను. లెన్సు కిటికీకి పైపింగ్ కూడా వేశాను. గుడ్డకున్న జరీ అంచును కత్తిరించడానికి మాత్రం మనసొప్పలేదు. కింద చుట్టూ అంచు వచ్చేలా కుడితే భలే కుదిరింది.

నెమళ్లు మల్లాపూర్ వైపు చేలలో విపరీతం. అక్కడ ఒక ముసలవ్వ, మనిషి ఎముకల గూడే కానీ గొంతు మాత్రం గట్టిది, కౌలుకు తీసుకున్న చేనులో మక్కజొన్న వేసింది. తొలకరికి వేసిన విత్తనాన్ని నెమళ్లు తవ్వి తవ్వి తినేశాయి. బిడ్డ దగ్గర అడిగి తెచ్చుకున్న విత్తనంతో రెండోసారి విత్తింది. నేను వెళ్లేసరికి ఆ గింజలు అప్పుడప్పుడే మొలకలెత్తుతున్నాయి.

"గిది గూడ పాయెనంటే ఇగ మల్ల పెట్టే కాలం లేదు, నా తాన ఇత్తనం లేదు. ఈ యాడాదికి నా బతుకు గీ మొలకలే," అంది.

నేను గుడారం వేసుకుంటానంటే దాన్ని తడిమి చూసి, అంచు పట్టుకుని, "మంచిగున్నది బిడ్డా, ఏస్కో," అని వెంటనే ఒప్పుకుంది. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

ఇక పొద్దు పొడవకముందే స్కూటీ మీద వెళ్లడం, గుడారంలో దూరడం, నడుము పట్టేసేదాకా కూర్చోవడం. పక్క చేలలో నెమళ్లు అంగడికి వచ్చినట్టు తిరిగేవి. అవ్వ చేను ఒడ్డు దాకా వచ్చి, నా గుడారాన్ని చూసి, మెడ సాచి, తిరిగి వెళ్లిపోయేవి. తలకు రాసుకునే కొబ్బరినూనె వాసనేమో అనుకుని నూనె మానేశాను. కెమెరా చప్పుడేమో అనుకుని చప్పుడు రాకుండా పెట్టాను. మెడలో గొలుసు మెరుస్తుందేమోనని అదీ తీసి ఇంట్లో పెట్టాను. నెమళ్లు మాత్రం అటునుంచి అటే. అవ్వ రోజూ ఎండ ఎక్కేసరికి గ్లాసెడు చాయ్ తెచ్చి, కిటికీలోంచి లోపలికి అందించి, "ఓపిక పట్టు బిడ్డా, గూసో," అనేది. ఆ ఆప్యాయతకు నా కళ్లు చెమర్చేవి.

ఒకరోజు పక్క చేను రైతు వచ్చి గుడారం ముందు నిలబడ్డాడు. "అక్కా, రేపు జర మా చేన్ల గూసుంటవా? పల్లి ఏసిన."

నా కళ ఊరూరా పాకిందన్నమాట! "చూద్దాం, రేపు కష్టం," అని కొంచెం బెట్టు చేశాను.

"జర ఆలోచించక్కా. కెమెరా తేకున్నా నడుస్తది."

అక్కడ నాకు తేడా కొట్టింది. గుడారంలోంచి తల బయటపెట్టి చుట్టూ చూశాను. ఆ ఒడ్డున చీర, ఈ ఒడ్డున చీర. ప్రతి చేను చుట్టూ కర్రలకు కట్టిన పాత చీరలు గాలికి ఎగురుతున్నాయి. రోజూ వాటి పక్కనుంచే స్కూటీ నడుపుకుంటూ వచ్చినదాన్ని. పందులైనా పిట్టలైనా చేనులోకి రాకుండా రైతులు కట్టే చీరలవి, కాకపోతే పాతబడి వెలిసిపోయి నెమళ్లకు అలవాటైపోయాయి. నేను సిరిసిల్ల నుంచి కొత్త చీర తెప్పించి, జరీ అంచుతో సహా చేను నడుమ నిలబెట్టి, దాని లోపల కూర్చుని నెమలి రావాలని దేవుడికి మొక్కుతున్నాను!

"అవ్వా!" అని అరిచాను. "కొత్త చీర ఉంటే అవి రావని నీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది?"

"మరి చెప్పలేదేం?"

"జెప్తే నువ్వు పోవా?" అంది, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. చేలో దిష్టిబొమ్మను చేసి కూర్చోబెట్టి, చాయ్ పోసి మేపుతుందా నన్ను! గుడారాన్ని పీకి చుట్టేశాను. రేపు ఒట్టిగా కూర్చుంటానన్నాను. అవ్వ మొహం వాడిపోయింది. "గూసో. గని మొలకల మీద వాలినయంటే నీది నాది లొల్లయితది, ముందే జెప్తున్న," అంది.

మర్నాడు ఒడ్డు పక్కన పొద చాటున కూర్చున్నాను. మబ్బు పట్టింది. వచ్చింది, మారాజు! ఒడ్డు మీద నిలబడి, ఒళ్లు ఒకసారి జాడించి, పురి విప్పింది. కిటికీ లేదు, అడ్డు లేదు, శనగగింజ కాదు, కెమెరా నిండా నెమలి. వేలు బటన్ మీద పెట్టాను.

అప్పుడే దాని వెనక నాలుగు ఆడనెమళ్లు సాలులోకి దిగాయి. ఒకటి మొలకను ముక్కుతో పట్టి లాగింది. మొలక విత్తనంతో సహా లేచి వచ్చింది. పక్కది ఇంకోటి పీకింది. ఈ నెమలిగాడు నా ముందు ఆడుతున్నది నాకోసం కాదు, వాళ్లకు విందు పెట్టి మురిపించడానికి.

"నీ పాడుగాను! థూ! పో!" అని నోటికొచ్చినట్టు తిడుతూ లేచి ఉరికాను. చెప్పు ఒకటి ఊడి మట్టిలో దిగబడింది. ఇంకోటి తీసి విసిరాను. నెమళ్లు లేచిపోయాయి. నా అరుపు విని అవతలి ఒడ్డు నుంచి అవ్వ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

పరుగెత్తేటప్పుడు వేలు బటన్ మీదే ఉండిపోయినట్టుంది. తర్వాత చూస్తే ఆకాశం, నా మోకాలు, మట్టి, మళ్లీ ఆకాశం. నెమలి ఒక్క దాంట్లోనూ లేదు. ఆఖరి ఫొటోలో మాత్రం అవ్వ ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కర్ర ఎత్తి, నోరంతా తెరిచి, నిప్పుల్లాంటి కళ్లతో నా మీదికే వస్తోంది. జంతువుల కంటిని వెతికి పట్టుకునే సదుపాయం ఆ కెమెరాలో ఉంది. అది అవ్వ కంటిని పట్టుకుంది. రెప్పవెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

అవ్వకు చూపించాను. చాలాసేపు చూసింది.

"నేనేనా గీమె? అమ్మో, నాకే బుగులైతుంది," అంది. కెమెరా చేతిలోంచి వదలకుండానే, "దీన్ని మనిషంత పెద్దగ జేయిస్తవా బిడ్డా? చేన్ల నిలవెడ్త," అంది.

కోరుట్లలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి పిల్లగాడు ఫొటో చూసి గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయిందక్కా?" అన్నాడు.

"బతికే ఉంది."

"అయితే బర్త్‌డేనా?"

"కాదు, నెమళ్లను బెదిరియ్యడానికి."

అతని దగ్గర ఆ రకం డిజైను లేదు. చివరికి రాతలేమీ లేకుండా కొట్టిచ్చాడు. కానీ మూల ఖాళీగా ఉంటే బాగుండదని, ఇంటర్నెట్‌లోంచి తీసి, పురి విప్పిన నెమలిని ఒకటి పెట్టాడు. నేను జన్మలో తీయలేనంత స్పష్టంగా ఉంది. చేనులో ఫ్లెక్సీ కట్టేటప్పుడు అవ్వ దాన్ని చూసి, "గీడెందుకు?" అని పిడికెడు బురద తీసి దాని మొహం మీద మెత్తింది.

ఆ తర్వాత ఆ చేనులో నెమలి కాలు పెట్టలేదు. మక్క మోకాలెత్తు పెరిగింది. నేను మాత్రం అలవాటు కొద్దీ రోజూ కెమెరా పట్టుకుని వెళ్తూనే ఉన్నాను. ఒకనాడు అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇగ నువ్వు తిప్పలు పడి రాకు బిడ్డా. నేనే ఉన్నగద ఆడ," అని ఫ్లెక్సీ వైపు చూపించింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మరి నా నెమలి ఫొటో?" అన్నాను.

"నెమలి రాదు. అస్తే నువ్వు తీసిన ఫొటోకే ఇజ్జత్ పోతది," అంది, చాయ్ గ్లాసు నా చేతిలో పెడుతూ.