బండి వెనక రాసిన మాట

వారంటీ ఉన్న బండి కదా, నాకేం భయం అనుకుంటూ ఈ రోజు పొద్దున షోరూంకు వెళ్లాను. నల్లమాడ నుంచి టమోటా మోసే మా డీజిల్ పికప్‌కు టర్బో పోయింది. బండి నా పేరు మీద ఉంది, నడిపేది మా తమ్ముడు. ట్రాక్టర్‌కు కట్టి కదిరి దాకా ఈడ్చుకొచ్చాం.

సర్వీసాయన బానెట్ ఎత్తి చూసి అడిగాడు. “ఏమప్పా, పవర్ పెంచే చిప్పు ఏమన్నా ఏయించినావా?”

“అట్లాంటివేం లేవు సార్. కంపెనీ ఇచ్చినట్లే ఉండాది,” అన్నాడు మా తమ్ముడు, గుళ్లో నిలబడినంత వినయంగా. నిన్ననే దాన్ని పీకి దాచేశాడని నాకేం తెలుసు?

ఆయన బండి చుట్టూ తిరిగి, వెనక ఆగి నన్ను పిలిచాడు. “అక్కా, ఇట్ల రా. ఇది గూడా కంపెనీవాళ్లే రాసిచ్చినారా?”

వెనక డోర్ మీద పసుపు రంగు అక్షరాలు: ‘చిప్పు ఏసిన బండి, పక్కకు జరుగు.’

ఇన్నాళ్లూ రోజూ చూస్తూనే ఉన్నాను. చిప్పంటే పాటలు ఎక్కించుకునే చిప్పు అనుకున్నాను!

చిప్పు వల్లే టర్బో మీద భారం పెరిగింది, దీనికి వారంటీ రాదు అని తేల్చేశారు. అక్కడ చేలో టమోటా మాగిపోతోంది. బయటికి రాగానే మావాడు మెల్లగా అన్నాడు. “పెయింట్ గీకేసి పుట్టపర్తి షోరూంకు పోదామా అక్కా?”

వీణ్ణి ఏం చేయాలో మీరే చెప్పండి. బండికి చిప్పు పెట్టించాడు, నా చేతికి చిప్ప ఇచ్చాడు.