భూమి కదిలిన జాడలో మూడు డబ్బాలు

మా తమ్ముడు రవి మస్కట్‌లో పని చేస్తాడు. అక్కడ వాడికి ఒక ఆట అంటుకుంది. ఎవరో ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇస్తారు. ఆ అంకెలు ఫోన్‌లో కొట్టుకుని మనం వెతుక్కోవాలి. దొరికిన డబ్బాలో తర్వాతి డబ్బా అంకెలుంటాయి. పోయినసారి సెలవుకొచ్చినప్పుడు మూడు ఊళ్ళలో మూడు డబ్బాలు దాచి, తన పాత ఫోన్ నా చేతిలో పెట్టి పోయాడు. "అక్కా, అమ్మను తీస్కపోవాలె. ఒక్కదానివే పోతే ఆట చెల్లది" అన్నాడు. ఇరవై మూడేళ్ళొచ్చినా వీడికి ఆటలేనని తిట్టుకున్నాను.

మహారాష్ట్రలో లాతూరు వైపు భూకంపం వచ్చిన తెల్లవారుజామున మా దిక్కూ నేల కదిలింది. ఆ జాడ పట్టుకుని పోవడమే ఈ ఆట. అప్పుడు మేం సిరిసిల్లలో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళు, రవికి ఐదు. అమ్మ వాణ్ణి చంకనేసుకుని, నన్ను రెక్క పట్టుకుని, బాపు రాత్రి పాళీ పనిచేసే మరమగ్గాల షెడ్డు దాకా ఉరికింది. షెడ్డులో ఆడవాళ్ళు అడుగుపెట్టే అలవాటు లేదు కాబట్టి గడప దగ్గరే ఆగి పిలిచింది. బాపు మగ్గం మీద వంగి ఉన్నాడు, తల ఎత్తలేదు. పొద్దున మొదటి బస్సుకే అమ్మ మమ్మల్ని తీసుకుని పుట్టిల్లు జగిత్యాలకు వచ్చేసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆయనతో మాట లేదు. "భూమి కదిలితే మనిషి ఎవల్ని పట్టుకుంటడు? ఆయన మగ్గాన్ని పట్టుకున్నడు" అంటుంది. వాళ్ళిద్దరూ ఒక్కచోట నిలబడగా చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. మూడో ఊరు ఏదో రవి చెప్పలేదు. అనుమానం ఉన్నా నేనూ అడగలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. సోమవారం నుంచి బస్సులు బందని తెలిసి ఆదివారమే బయలుదేరాం. పొద్దున ఏడింటికి జగిత్యాల క్లాక్ టవర్ దగ్గర, టీకొట్టు వెనక గోడ సందులో మొదటి డబ్బా దొరికింది. చాక్‌పీసుల డబ్బా. లోపల కాగితం మీద రవి రాత: 'ఇక్కడ ఏం కదిలింది? ఎవరినైనా అడిగి రాయండి.' కొట్టాయన్ని అడిగితే, "గ్లాసులు కదిలినయ్ మేడం. ఎలుక జొచ్చిందనుకొని కట్టె పట్టుకొని ఎతికిన" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఎనిమిదింటికి కోరుట్ల బస్సెక్కాం. కిటికీకి గులాబీ జెండా కట్టి ఉంది. పక్కసీటు ముసలాయన ఫోన్‌లో అంకెలు చూసి, "గీ మిషన్ల తెలంగాణ ఎప్పుడస్తదో కూడ చూపెడ్తదా, బిడ్డా?" అన్నాడు. అది మాత్రం ఇంకా దీంట్లోకి రాలేదు పెదనాయినా అన్నాను. తొమ్మిదింటికి కోరుట్లలో దిగి, ఇడ్లీ తిని, అంకెలు చూపిన సందులోకి నడిచాం. అక్కడొక గాజుల దుకాణం. కొట్లో కూర్చున్న పెద్దామె మమ్మల్ని చూడగానే అరలోంచి డబ్బా తీసి ఇచ్చింది. రవి చెప్పి పెట్టాడట. గట్లయితే వెతకడమెందుకురా అనుకున్నాను.

"గా దినం గాజులన్ని గలగలమన్నయ్ బేటీ. మా ఆయన ముందుగాల గాజుల పెట్టె పట్టుకొని బయటికి ఉరికిండు. నన్ను తర్వాత యాద్ చేసిండు" అని నవ్వింది ఆమె.

"నీకు కోపం రాలేదా?" అమ్మ అడిగింది.

"ఎందుకు రాదు? రెండు దినాలు అన్నం పెట్టలే. ఆయన చేతికి గాజుల పెట్టె అలవాటు. చెయ్యే అటు పోయింది, దిల్ పోలే."

అమ్మ గాజులు బేరం చేయకుండా లేచింది. డబ్బాలో అంకెలు కొట్టి చూస్తే ఫోన్ సిరిసిల్ల చూపించింది. అమ్మ బస్సైతే ఎక్కింది గానీ, వేములవాడలో మారేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నాకు రవి మీద ఒళ్ళు మండింది, నా మీద కూడా.

ఒంటిగంటకు సిరిసిల్లలో దిగాం. మలుపు దగ్గర అమ్మ ఆగిపోయింది. "వాపసు పోదాం" అంది. "నువ్వు పోతే పో, నేను డబ్బా చూసే వస్త" అన్నాను మొండిగా. నాలుగడుగులు వేశాక వెనక ఆమె చెప్పుల చప్పుడు వినపడింది.

షెడ్డులో నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. బాపు మమ్మల్ని చూసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. గడప పక్క గూట్లో డబ్బా. కాగితం నేను అమ్మ చెవి దగ్గర గట్టిగా చదివాను: 'మగ్గాలు ఆపొద్దు. అమ్మ ఒక్కతే లోపలికి పోయి, చెప్పులు విప్పి కళ్ళు మూసుకోవాలి. నేల కదిలినప్పుడు చెయ్యి ఎత్తాలి.'

అమ్మ చాలాసేపు గడప దగ్గరే ఉంది. తర్వాత చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, మగ్గాల మధ్య కళ్ళు మూసుకుంది. వెంటనే చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు. మగ్గాల అదురుకు నేల కదులుతూనే ఉంది. ఆమె మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

బాపు ఒక్కొక్క మగ్గమే ఆపాడు.

"గా రాత్రి ఏం చేసినవ్ లోపల?" అమ్మ అడిగింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

"మగ్గం ఎక్కువ ఊగుతుంటే బోల్టు లూజైందనుకున్న. పానా పట్టుకొని నాలుగు మగ్గాలు ఎతికిన. ఒక్కటి లూజు లేదు. తెల్లారినంక భూకంపమని చెప్పిండ్రు. ఉరికచ్చిన. ఇంటికి తాళముండె."

"చెప్తే అయిపోతుండె గదా."

"చెప్పి పంపిన. నువ్వు నమ్మలే."

"నమ్మలే" అంది అమ్మ. అక్కడే నూలు చుట్టిన బీము మీద కూలబడింది. బాపు చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నేను బయటికొచ్చి, మస్కట్‌కు ఫోన్ చేసి, రవిని నోరారా తిట్టి ఏడ్చాను.

నాలుగున్నరకు తిరుగు బస్సు. కొడిమ్యాల దగ్గర రోడ్డు మీద వంటావార్పు. ఉద్యమకారులు పొయ్యిలు పెట్టి, బస్సులు ఆపి, దిగినవాళ్ళందరికీ విస్తర్లలో అన్నం, పప్పు వడ్డిస్తున్నారు. ఈ జాడలో వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్తాను: అంకెలు దారి వరకే పనికొస్తాయి, దిగాక మనుషుల్ని అడగండి. నేను ఇంకో ముద్ద కలుపుతుంటే అమ్మ నాతో బాపుకు ఫోన్ కలిపించి, తను తీసుకుంది.

"ఇన్నవా? మల్ల భూమి కదిలితే నీకెట్లాగు తెల్వది. ఈసారి గడపకాడ నిలవడ. లోపలికొచ్చి రెక్క పట్టి గుంజుకొస్త."

అటు నుంచి ఎప్పుడొస్తవని అడిగినట్టున్నాడు.

"బస్సులు నడిచిన్నాడు" అంది అమ్మ.